సున్నాలు పెట్టని చోటు

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. ఆ స్టూలు చప్పుడు చెయ్యకుండా లాక్కుని నా తలగడ పక్కకి రా, చెవుల్లో ఆ పాటల గుండీలు తీసెయ్. గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు, చెప్పకుండా ఊరుకునే అలవాటు మొదట్నుంచీ లేదు. మీ అక్క భోజనాలకి ముందే, ఇక్కడికొచ్చిన వాళ్ళ ఆఫీసు మేనేజరుతో మాట్లాడి వస్తానని కిందికి వెళ్ళింది, వచ్చేదాకా నిన్ను నాకు కాపలా పెట్టింది, నువ్వేమో ఆ మంచం కడ్డీ మీద గడ్డం ఆనించి కునికిపాట్లు పడుతున్నావు. పడుకోలే, నేను చెప్తూనే ఉంటాను. ఈ మాటలు పైకి వస్తున్నాయో లోపల్లోపలే తిరుగుతున్నాయో నాకే సరిగ్గా తెలియడం లేదు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నా కాళ్ళ మీదికి వచ్చి కూర్చుంది. అయినా కాళ్ళు చల్లగానే ఉన్నాయి. ఎదురుగా గోడ మీద ఆ పెద్ద తెర, అందులో ఈ వార్డులో ఉన్న మంచాలన్నీ గళ్ళు గళ్ళుగా, ఒక్కో గడిలో ఒక్కో మనిషి గుండె అంకెలా మారి కొట్టుకుంటోంది. అందరివీ కదులుతున్నాయి, డెబ్బై, డెబ్బై ఒకటి, మళ్ళీ అరవై తొమ్మిది, తలుపు పక్కనున్న ముసలాయనది పొంగే పాలలాగా పైకీ కిందికీ. చివరి గడి నాది. డెబ్బై రెండు. ఇందాకా డెబ్బై రెండే, ఇప్పుడూ డెబ్బై రెండే.

ఎంత నిదానమైన గుండె అని మురిసిపోయాను మొదట, ఒట్టు, లోపల ఇంత దడగా ఉన్నా పైకి ఎంత మర్యాదగా ఉందో చూడు అనుకున్నాను. పెళ్ళిచూపుల నాడు కూడా ఇంత మర్యాదగా లేదు.

ఆ గాజు తలుపు మీద ఏదో రాశారే, బయటినుంచి వచ్చేవాళ్ళు చదువుకోవడానికి రాశారు, మనకి లోపల్నించి తిరగబడి కనిపిస్తోంది, నువ్వు పొద్దున దాన్ని చదవలేక తల వంచి వంచి చూశావు. నేను గడగడా చదివేశాను. నువ్వు నోరు తెరిచావు. నాకు అద్దంలో చదవడమే ముందు వచ్చింది తల్లీ, సూటిగా చదవడం ఆ తర్వాత, అదీ అంతంతమాత్రంగా. మా మామగారికి చిన్న అచ్చాఫీసు ఉండేది, ఇల్లు వెనక, అచ్చాఫీసు ముందు, మధ్యలో ఒక తెర. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక బేసిన్లో కిరసనాయిలు పోసి, బ్రష్షు చేతికిచ్చి, అచ్చు అయిపోయిన సీసపు అక్షరాలన్నీ కడిగి ఎక్కడివక్కడ గూళ్ళలో వెయ్యమన్నారు. అక్షరం మొహం ఎప్పుడూ తిరగబడే ఉంటుంది కదా, నేను అలాగే నేర్చుకున్నాను. ఇప్పటికీ కాగితం చూస్తే ఎవరో వెనక నుంచి పిలిచినట్టుంటుంది నాకు. ఆ కిరసనాయిలు వాసన నా గోళ్ళలోంచి ఏళ్ళకేళ్ళు పోలేదు, మీ అమ్మ పసిపిల్లప్పుడు నా చెయ్యి నోట్లో పెట్టుకుని మొహం ముడుచుకునేది, ఈ వార్డులో నేల తుడిచే మందునీళ్ళ వాసన వస్తే అదే గుర్తొస్తోంది, శుభ్రం చేసే వాసనలన్నీ ఒక్కలాగే భయపెడతాయెందుకో.

అక్షరాలు కాకుండా ఖాళీ ముక్కలు అని ఉండేవి. అవీ సీసమే, కానీ అక్షరం కంటే పొట్టివి, మొహం మీద ఏమీ ఉండదు. లైను చివర మాట అయిపోయి జాగా మిగిలితే, పేజీ అడుగున నాలుగు లైన్లు తక్కువైతే, అక్కడ ఈ ఖాళీ ముక్కలు నింపాలి. ఎందుకు మామగారూ, ఖాళీ ఖాళీగానే వదిలేస్తే పోలా అని అడిగాను ఒకసారి. ఆయన నవ్వలేదు, కసురుకోనూ లేదు. ఇనపచట్రం బిగించి పైకెత్తి చూపించి, చట్రం నిండుగా లేకపోతే ఎత్తగానే అంతా జలజలా రాలిపోతుందమ్మాయ్, యంత్రానికి నిండు చట్రమే కావాలి, సగం చట్రం అది తీసుకోదు, అన్నారు. నింపేవి మాత్రం ఒట్టి ఖాళీవే అవ్వాలి, కడిగినవి అవ్వాలి. పొట్టిగా ఉంటాయి గనక సిరా రోలరు వాటిని తాకకుండా పైనుంచి వెళ్ళిపోతుంది. కాగితం మీద అక్కడ తెల్లగా ఉంటుంది. చదివేవాడికి అక్కడేదీ లేదనే అనిపిస్తుంది. ఉంది, కానీ ఏమీ చెప్పకుండా ఉంది.

మొన్న సాయంత్రం మీ అక్క ఆఫీసునుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూలబడి ఏకరువు పెట్టింది చూడు, నువ్వు స్నానానికి వెళ్ళావు అప్పుడు, నాకు అన్నీ అర్థం కాలేదు గానీ ఈ ముక్క మాత్రం టక్కున అందుకున్నాను. వాళ్ళు చేసే పని ఈ తెరదే. ఈ వార్డులో మంచాలన్నిటి లెక్కా యంత్రం ఎలా దాచుకుంటుందంటే, ఒక్కో మనిషిని ఒక్కో మూటగా కట్టి కాదట. అందరి గుండెలూ ఒక నిలువు వరస, అందరి ఊపిర్లూ ఇంకో వరస, అందరి జ్వరాలూ మరో వరస. అలాగైతే వెతకడం తేలికట. ఆ వరసని యంత్రం ఒక్కొక్కటిగా తినదట, అరవై నాలుగు గళ్ళు ఒక్క ముద్దగా మింగుతుందట. మంచాలు అన్ని లేకపోతే? మిగిలిన గళ్ళు నింపాలి. దేంతో నింపుతారే అన్నాను. సున్నాలతో అమ్మమ్మా, మీ అచ్చాఫీసులో ఖాళీ ముక్కల్లాగే, అంది. నాకెంత ముచ్చటేసిందో, ఇంత చదువు చదివి నా మనవరాలు చివరికి మా మామగారి కొట్లోకే వచ్చి కూర్చుందని.

కానీ దాని మొహం చూస్తే ముచ్చట ఎగిరిపోయింది. వాళ్ళ ఆఫీసులో ఎవరో ఆ గళ్ళలో సున్నాలు పెట్టడం మానేశారట. కొంచెం వేగం కలిసొస్తుందని. నిన్న ఆ చోట్లో ఏముంటే అదే ఇవాళ కూడా అక్కడ పడుంటుంది, చెరపరు. అయితే ఏం, ఎవరు చూస్తారు, వరస ఎంతవరకో యంత్రానికి తెలుసుగా అన్నాను. తెలుసు అమ్మమ్మా, వరస పొడవు వేరేగా రాసి ఉంటుంది, అంతవరకే చదవాలి, పైగా ప్రతి గడికీ పక్కన ఒక చిన్న గుర్తు, మనిషి ఉందా లేదా అని, ఆ గుర్తుల వరసకి కూడా చివర్లో ఇలాగే మిగిలిపోయిన చోటు ఉంటుంది, అక్కడా సున్నాలే పెట్టాలి, అక్కడా పెట్టలేదు. కొత్తగా తెర రాసినవాళ్ళు పొడవు చూడకుండా ముద్దంతా ఒకేసారి చదివేస్తున్నారు. చివర్లో ఏ చెత్త మిగిలితే అదీ మనిషి కిందే లెక్క, గుర్తు కూడా ఉందనే చెబుతుంది. ఇదంతా మీ మేనేజరుకి చెప్పావా అంటే, చెప్పానంది. ఆయన్ని మీ అక్క మంచిదేగా సారు అని పిలుస్తుంది కదా, దేనికైనా మంచిదేగా అంటాడట. ఆ గళ్ళు ఎలా నింపాలో రాసిన నియమాల పుస్తకం తెరిచి చూపించి, ఇదిగో, ఇక్కడ సున్నాలు పెడితే మంచిది అనే ఉంది తప్ప పెట్టి తీరాలి అని లేదు కదమ్మా, అన్నాడట. పెడితే మంచిదేగా, వచ్చేవారం చూద్దాం.

పెడితే మంచిది. మా మామగారు ఈ మాట వింటే ఆ పుస్తకాన్ని ఏం చేసేవారో.

కాళ్ళు చల్లగా ఉన్నాయి చిట్టీ, దుప్పటి కొంచెం లాగు. హమ్మయ్య. నిన్న నేను ఆ మధ్య మంచంలో ఉన్నప్పుడు ఈ కిటికీ మంచం మీద ఒకావిడ ఉండేది, నా ఈడుదే, బుగ్గలు ఇంకా పళ్ళున్న మనిషిలా ఉండేవి. నేను కిటికీ వంక చూస్తుంటే నా మంచం మీద కన్నేశావేంటి వదినా అంది. వరస కలపడం ఎంత చనువో చూడు. ఎండ కోసం వదినా, నీ మంచం నాకెందుకూ అన్నాను. సరేలే, నేను పోయాక తీసుకో, అప్పటిదాకా ఎండ నాదే, అంది, ఇద్దరం నవ్వుకున్నాం, నర్సమ్మ వచ్చి ఇదేమన్నా రైలు పెట్టెనా అని కోప్పడింది. ఇవాళ పొద్దున ఆవిణ్ణి ఆపరేషనుకి తోసుకెళ్ళారు. వైర్లు పీకేటప్పుడు కూడా నవ్వుతూనే ఉంది, గోడ మీద తన గడి వైపు చెయ్యి చూపించి, చూశావా వదినా, గడియారంలా ఉంది నా గుండె, అంది. డెబ్బై రెండు. నేను చూశాను. నర్సమ్మ అప్పుడే తన బల్ల దగ్గర ఏవో మీటలు నొక్కి ఒక మంచం తగ్గించింది. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆవిడ కొడుకు వచ్చి సొరుగులోంచి కళ్ళజోడు తీసుకుని, నాకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆవిడ ఇక లేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. భోజనాలయ్యాక మధ్య మంచానికి కొత్త మనిషి వచ్చింది, నన్ను ఇక్కడికి మార్చారు. ఎండ నాదైంది.

మార్చినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు మళ్ళీ కళ్ళ ముందుకొస్తోంది. నర్సమ్మ హడావిడిగా నా ఛాతీ మీద బిళ్ళలు అతికించి, వైరు పెట్టెలో గుచ్చి, బల్ల దగ్గరికి వెళ్ళి, ఈ మంచం చేర్చాలి అని తనలో తను అనుకుంటూ తెరకేసి చూసింది. అప్పటికే చివరి గడిలో అంకె కనిపిస్తోంది. ఓ, చేర్చేశారా ఎవరో, అంది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది. అటునుంచి ఎవరో పిలిస్తే పరిగెత్తింది. పాపం, ఆ పిల్లకి రెండు చేతులే.

ఏటికి నీళ్ళొచ్చిన ఆ సంవత్సరం మా అచ్చాఫీసులో వారానికోసారి ఊరి వార్తల కాగితం వేసేవాళ్ళం, ఒకటే ఠావు, రెండు పేజీలు, పొద్దున్నే సరుకుల పెద్ద పడవ మీద అవతలి ఒడ్డుకి కూడా వెళ్ళేది. మా ఆడపడుచు అవతల నర్సు చదువు చదువుకునేది. నాకంటే చిన్నది, నా జడ పట్టుకుని లాగి, ఏం వదినా, మా అన్నయ్య నీకు భయపడతాడటగా అని అల్లరి పెట్టేది. రేవు నడుస్తుంటే, మనుషుల్ని దాటించే పడవలు తిరుగుతుంటే ఈ వారం వస్తాను, లేకపోతే లేదు అని కబురు పెట్టింది. అంతకుముందు వారం కాగితంలో రేవు నడుస్తోంది, దాటవచ్చు అని వేశాం. తర్వాత వాన పట్టుకుంది. ఆ సాయంత్రం కాగితం కడుతుంటే అడుగున జాగా మిగిలింది, ఖాళీ ముక్కలన్నీ పక్కన ఉన్న ఇంకో పెద్ద పని చట్రంలో ఇరుక్కుపోయాయి. మా మామగారు అంతటి మనిషి, ఆ ఒక్కసారికి, పళ్ళెంలో విప్పకుండా ఉన్న పాత లైన్లు తీసి ఆ జాగాలో కూర్చి, వాటి మీద కాగితం ముక్క జిగురుతో అతికించేశారు, సిరా అంటకుండా. చట్రం నిండుగా వచ్చింది. బిగించారు. ఎత్తారు. రాలలేదు. అంతా బాగానే ఉంది.

సగం కాగితాలు పడేదాకా ఆ ముక్క ఉంది. ఆ తర్వాత తడికి లేచి రోలరుకి అంటుకుపోయింది. యంత్రం తొక్కేవాడు చూసుకోలేదు. ఎవరు చూస్తారు, అక్కడ ఏమీ లేదని అందరికీ తెలుసు. మర్నాడు నేను బేసిన్ ముందు కూర్చుని ఆ చట్రం విప్పుతున్నాను, బయట వాన, తెర వెనక అత్తగారు కూతురు వస్తుందేమోనని ఇంకో చేటెడు బియ్యం ఏరుతున్నారు. అడుగున ఉన్న ఆ పాత లైను చేతిలోకి వచ్చింది. పాత లైను, అంటే పొడిగా ఉండాలి. నా వేలికి సిరా అంటింది. కొత్త సిరా. నేను అలాగే తిరగబడ్డ అక్షరాలు ఒక్కొక్కటీ చదివాను, నాకు వచ్చిన చదువే అదాయె. రేవు నడుస్తోంది. దాటవచ్చు. ఆ లైను పట్టుకుని మామగారి కోసం లేవబోయాను. ఆయనే వచ్చారు, నా చేతిలోకి చూశారు, నా వేలు చూశారు, ఉన్నచోటే కూర్చుండిపోయారు. వెళ్ళి రేవు దగ్గర చూడండి అన్నాను. ఆయన చెప్పులు వేసుకోకుండా వానలో పరిగెత్తారు. అవతలికి ఏ కాగితాలు వెళ్ళాయి, మొదటి సగమా రెండో సగమా అని తెర వెనక నిలబడి నేను పడిన ఆ గంట ఉంది చూడు, ఇవాళ్టి గంట కూడా అలాగే ఉంది, అదే గంట ఇన్నేళ్ళూ ఎక్కడో దాక్కుని తిరిగొచ్చి ఈ మంచం మీద కూర్చున్నట్టు.

ఏటి ఒడ్డున మా ఆడపడుచు సంచీ దొరికింది. సంచీలో మడతపెట్టిన మా కాగితం ఉంది, రెండో సగంలోది.

ఆ తర్వాత మా మామగారు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు, ఖాళీ ముక్కలు ఆయనే కడిగేవారు, ఆరబెట్టేవారు, ఒక్కోటీ వెలుతురుకేసి ఎత్తి దాని మొహం మీద ఏమీ లేదని చూసుకుని గూట్లో వేసేవారు. ఏమీ లేదని చూడటానికి అంతసేపు చూసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

చిట్టీ, లేచావా. అటు చూడు, గోడ మీద. నా అంకె చెప్పు.

"డెబ్బై రెండు. సూపర్ అమ్మమ్మా, నాకంటే నీదే బాగుంది."

ఇప్పుడు చూడు, నేను లేచి కూర్చుంటాను. ఉహూ, పట్టుకోకు, నేనే లేస్తాను. చూశావా, ఆయాసం ఎలా వస్తోందో, గుండె గొంతులో కొట్టుకుంటోంది, నా చెవుల్లోకి వినిపిస్తోంది. ఇప్పుడెంత?

"డెబ్బై రెండే. అమ్మమ్మా, డాక్టరు లేవొద్దన్నాడుగా, పడుకో!"

తలుపు పక్క ముసలాయన దగ్గితే ఆయన అంకె ఎగిరి గంతేసింది, చూడు. నేను దగ్గినా కదలదు. నేను ఏడ్చినా కదలదు. డాక్టరేమన్నాడు? గుండె కొట్టుకోవడం తగ్గితే గంట మోగుతుంది బామ్మగారూ, మేం పరిగెత్తుకొస్తాం, మీరు హాయిగా నిద్రపోండి, అన్నాడు. ఆ గంట ఈ తెరని చూసి మోగుతుందటే. తెర ఎవర్ని చూస్తోంది? అదిగో నర్సమ్మ వస్తోంది, దూరం నుంచే తెరకేసి చూసింది, నాకేసి చూడలేదు.

"ఎలా ఉన్నారు బామ్మగారూ? అబ్బో, గడియారంలా ఉంది మీ గుండె," అనేసి ఆ పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

గడియారంలా. అదే మాట. ఆవిడ నా పక్కలోనే పడుకుని ఉన్నట్టుంది చిట్టీ, ఈ పరుపు గుంట కూడా ఆవిడదే, నేను ఆవిడ గుంటలో పడుకున్నాను, ఆవిడ గుండె గోడ మీద కొట్టుకుంటోంది, నాది ఇక్కడ ఎవరికీ తెలియకుండా కొట్టుకుంటోంది. పాపం ఆవిడ తప్పేముంది, వెళ్ళిపోయేటప్పుడు ఎవరూ ఆ చోటు తుడవలేదు, అంతే. వదినా, నీ ఎండ నీకే ఇచ్చేస్తాను, నా గడి నాకివ్వు.

నీ చెయ్యి ఇలా ఇవ్వు. నా మెడ కింద ఈ వైరు ఉందే, దాన్ని ఇదిగో ఇలా పట్టుకుని, భయపడకు, లాగేస్తున్నాను. వచ్చేసింది. ఇదిగో, బిళ్ళతో సహా నా చేతిలో ఉంది. మంచం పక్క పెట్టె మీద పచ్చ దీపం ఎర్రబడింది, చూశావా. ఇప్పుడు తెర చూడు.

"అమ్మమ్మా..."

చెప్పు.

"డెబ్బై రెండు."

ఆ. మీ అక్క ఇప్పుడు కింద దీనికోసమే కొట్లాడుతోంది, ఆ తెర ఆపమని, ఆ చోట్లన్నీ తుడవమని. తను ఏ చోటు తుడవమని కొట్లాడుతోందో ఆ చోట్లోనే నన్ను పడుకోబెట్టారని దానికి తెలీదు, ఇంకా నేను మధ్య మంచంలోనే ఉన్నాననుకుంటోంది. ఉండు, పరిగెత్తకు, ముందు నా మణికట్టు పట్టుకో. అక్కడ కాదు, బొటనవేలి కింద, మా ఆడపడుచు నాకు నేర్పించింది, రెండు వేళ్ళు చాలు, మెత్తగా పెట్టు. దొరికిందా? కొట్టుకుంటోందా? అది నేను. ఆ గోడ మీద ఉన్నది నేను కాదు. మధ్య మధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది కదూ, నాకూ తెలుస్తోంది, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టుగా ఉంటోంది. ఇప్పుడు కేకెయ్యి. వేళ్ళు తియ్యకుండా ఇక్కణ్ణించే కేకెయ్యి, ఎంత గొంతుంటే అంత గొంతుతో, నర్సమ్మకి వినపడాలి, కింద మీ అక్కకీ వినపడాలి, ఆ మంచిదేగా సారుకి మరీ వినపడాలి. వాళ్ళు పరిగెత్తుకొచ్చి తెర చూసి, ఏం కాలేదుగా, బాగానే ఉందిగా అంటారు. నువ్వు తెర చూడకు. వాళ్ళ చెయ్యి పట్టుకుని తెచ్చి ఇక్కడ, నీ వేళ్ళ పక్కన పెట్టించు.

ఎండ నా మొహం మీదికి వచ్చింది. నువ్వు సరిగ్గా కనిపించడం లేదు, అరుస్తున్నావా చిట్టీ, నీ నోరు తెరుచుకోవడం కనిపిస్తోంది. నీ వేళ్ళు మాత్రం తెలుస్తున్నాయి, తియ్యకు. ఇదంతా గుర్తుపెట్టుకో తల్లీ, కిటికీ మంచం ఆవిడ నవ్విన నవ్వు, నా వేలికి అంటిన ఆ సిరా తడి, మా మామగారు ఖాళీ ముక్కని వెలుతురుకేసి ఎత్తి చూసుకోవడం, అన్నీ. మీ అక్క రాగానే చెప్పు, నేను చెప్పలేకపోతే నువ్వే చెప్పు, రేపు నీ పిల్లలకీ చెప్పు, ఎవరైనా వెళ్ళిపోయాక ఆ చోటు శుభ్రంగా తుడిచి సున్నాలు పెట్టాకే ఇంకొకర్ని అక్కడ పడుకోబెట్టమని మా అమ్మమ్మ చెప్పిందని, చెప్తున్నప్పుడు ఆమె చెయ్యి నా చేతిలోనే ఉందని చెప్పు.